యంత్రము చెప్పినదే లెక్కయా?

గుమాస్తా వేసిన కూడికపై అనుమానము కలిగినచో మరల కూడి చూపుమని అడుగుదుము. కంప్యూటరు అచ్చొత్తి యిచ్చిన చీటీని మాత్రము మారుమాటాడక జేబులో వేసికొందుము. యంత్రము పొరపాటు పడదను పేరు అంత బలమైనది. ఆ పేరునకును నిత్యవ్యవహారమునకును గల దూరమును బ్రిటన్ తపాలా కార్యాలయముల ఉదంతము తెలుపుచున్నది.

అచ్చటి చిన్న తపాలా కార్యాలయములలో పెక్కింటిని స్థానికులు ఒప్పందముపై నడుపుదురు. వారి జమాఖర్చులకై 1999లో 'హొరైజన్' అను కంప్యూటరు పద్ధతి ప్రవేశపెట్టబడినది. పెట్టెలోని నగదు యంత్రము చూపిన మొత్తముకంటె తక్కువైనచో ఆ లోటును వారే పూడ్చవలెను. పూడ్చలేనివారిపై అభియోగములు మోపబడినవి. 2015 వరకు 900 మందికి పైగా దోషులుగా నిర్ణయింపబడిరి. కొందరు చెరసాల పాలైరి.

యంత్రమునకు కూడిక రాదా? చక్కగా వచ్చును. కాని తనకు చేరిన అంకెలనే అది కూడును. ఒకే పద్దు రెండుసార్లు చేరినచో, దానిని కనిపెట్టు ఏర్పాటును మనిషి ముందుగా చేసి యుంచనిదే యంత్రము గుర్తింపలేదు. 2015లో స్కాట్లండులోని డాల్మెల్లింగ్టన్ తపాలా వారు 8,000 పౌండ్లు జమ వేయుచుండగా తెర కదలక నిలిచిపోయెను. మీటను మరల మరల నొక్కగా ఒక్క పద్దు నాలుగైనది. చేతికి రాని 24,000 పౌండ్లు లెక్కకెక్కినవి. కూడిక సరియే, లెక్క తప్పు.

ఇంగ్లండులో కంప్యూటరు సాక్ష్యము చూపువారు అది సరిగా పనిచేసినదని రుజువు చేయవలెనను నిబంధన 1984 నాటి శాసనములో నుండెను. దానిని 1999 నాటి శాసనము తొలగించినది. అటుపై, యంత్రము తప్పినదనువాడే అందులకు ఆధారము చూపవలసి వచ్చెను. దాని లోపలి చిట్టాలు చేతికందని చిన్న దుకాణదారు ఆ ఆధారము నెచ్చటినుండి తేగలడు?

ఆ పద్ధతిలో లోటులు పుట్టించు లోపములు కలవని 2019లో హైకోర్టు తీర్పు చెప్పినది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దు చేసినది. మరి కొన్ని వందల మందికి 2024లో పార్లమెంటు శాసనముచే విముక్తి కలిగినది. అప్పటికి కొందరు జీవించి లేరు.

యంత్రమును నిందించుట మా ఉద్దేశము కాదు. తప్పు జరిగినపుడు దానిని వెదకి పట్టుకొను దారి యున్నదే నమ్మదగిన లెక్క. మన యింటి విద్యుత్తు బిల్లు ఒక నెలలో ఇనుమడించినచో గోడమీది మీటరును చూచి అంకె సరిచూచుకొందము. సరిపోనిచో అడుగుదము. "కంప్యూటరే చెప్పినది" అనునది సమాధానము కాజాలదు.