‘ప్రివెంట్’ అను క్రియ

ఇంగ్లీషు నేర్చుకొను మన బాలబాలికలను ‘ప్రివెంట్’ అను క్రియ తరచుగా చిక్కుపెట్టుచుండును. జరుగనున్నదానిని జరుగకముందే అడ్డుకొనుట యని దాని అర్థము. అర్థము సులభమే, చిక్కంతయు వాక్యనిర్మాణములో నున్నది.

తెలుగున మనము ‘వాన మమ్ము బయలుదేరకుండ ఆపినది’ అందుము. ఇందు ‘బయలుదేరకుండ’ అను రూపమే వ్యతిరేకార్థకము. ఇంగ్లీషున ఆ వ్యతిరేకత ‘ప్రివెంట్’ లోనే ఇమిడియున్నది. కావున ‘ద రెయిన్ ప్రివెంటెడ్ అస్ ఫ్రమ్ స్టార్టింగ్’ అనవలెను. తెలుగు అలవాటు చొప్పున ‘ఫ్రమ్ నాట్ స్టార్టింగ్’ అన్నచో అర్థము తలక్రిందులగును; వాన మనలను ఇంట కూర్చుండనీయక బయలుదేరదీసిన దని తేలును! ‘టు స్టార్ట్’ అనుటయు తప్పే.

బ్రిటిషువారు ఒక్కొక్కప్పుడు ‘ఫ్రమ్’ను విడిచి ‘ప్రివెంటెడ్ అస్ స్టార్టింగ్’ అందురు. అమెరికనులు సాధారణముగా విడువరు. ‘వి వర్ ప్రివెంటెడ్ ఫ్రమ్ స్టార్టింగ్’ వంటి కర్మణివాక్యములలో నెవ్వరును విడువరాదు. ఎల్లెడల ఉంచుటయే క్షేమము.

ఇది పరీక్షలో మార్కులతో పోవు విషయము కాదు. నీటితొట్టెలలో దోమలు గ్రుడ్లు పెట్టకుండ మూతలు వేయవలె నను ఆరోగ్యప్రకటనను ఇంగ్లీషులోనికి మార్చునప్పుడు ‘నాట్’ ఒక్కటి అదనముగా చేరినచో, హితవు కాస్త దోమలకు ఆహ్వానమగును.

‘స్టాప్’కును దీనికిని భేదము కలదు. కురియుచున్న వాన ‘స్టాప్’ కావచ్చును. దానిని ఇక ‘ప్రివెంట్’ చేయుట పొసగదు. అట్లే, రానున్న జ్వరమును ‘ప్రివెంట్’ చేయుదుము. వచ్చిన జ్వరమును ‘క్యూర్’ చేయుదుము. వైద్యులు నివారణ వేరు, చికిత్స వేరు అనుట ఇందువలననే.

ఈ భేదమునకు మూలము పదము పుట్టుకలోనే యున్నది. లాటిన్ భాషలో ‘ప్రే’ అనగా ముందు, ‘వెనీరే’ అనగా వచ్చుట. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ క్రియకు ముందుగా పోవుట యనియే అర్థము. నేటి పాఠకులు పొరబడకుండుటకై 1946లో వెలువడిన సవరించిన క్రొత్త నిబంధనలో థెస్సలొనీకయుల పత్రికయందు దానికి మారుగా ‘ప్రిసీడ్’ అను మాట నుంచిరి. ముందుగా పోయి దారిలో నిలిచినవాడు వెనుక వచ్చువానిని అడ్డగింపగలడు గదా! ముందు నడచిన మాట అడ్డుకొను మాటగా మారుట కిదియే త్రోవ.

ఇంట పిల్లలు ఇంగ్లీషు వాక్యము వ్రాయునప్పుడు పెద్దలు ఒక్క సూత్రము చెప్పిన చాలును: తెలుగులోని ‘కుండ’ను ‘ప్రివెంట్’ తానే మోయును; దానిపై మరల ‘నాట్’ను ఎత్తరాదు.