హైదరాబాద్ బ్లూస్

హైదరాబాద్ బ్లూస్ 1998లో విడుదలైన స్వతంత్ర చలనచిత్రం. రచన, దర్శకత్వం, నిర్మాణం నగేష్ కుకునూర్‌వే. కథానాయకుడు కూడా ఆయనే. సంభాషణలు ప్రధానంగా ఆంగ్లంలోనూ, అక్కడక్కడ తెలుగు, హిందీ భాషలలోనూ ఉంటాయి.

కథ

పన్నెండేళ్ళు అమెరికాలో గడిపిన వరుణ్ సెలవులకు హైదరాబాదు వస్తాడు. ఇంట్లోవారు పెళ్ళి ప్రస్తావన తెస్తారు. పరిచయంలేని అమ్మాయిని పెద్దలు కుదిర్చితే పెళ్ళాడడం అతనికి సమ్మతం కాదు. ఈలోగా అశ్విని అనే వైద్యురాలితో పరిచయమవుతుంది. ఇద్దరూ కొంతకాలం కలిసి తిరిగి, ఒకరినొకరు తెలుసుకోవాలని అతని అభిప్రాయం. చుట్టూ ఉన్న సమాజంలో అలా తిరగడమంటే పెళ్ళిమాట నడుస్తున్నట్లే. పుట్టిన ఊరిలోనే అతడు పరాయివాడవుతాడు. ఈ సంఘర్షణే చిత్రానికి ప్రాణం. దీనిని దర్శకుడు హాస్యధోరణిలో చిత్రించాడు.

నిర్మాణం

హైదరాబాదులో పుట్టిన నగేష్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగు చదివి, పై చదువు అమెరికాలోని జార్జియా టెక్‌లో పూర్తిచేశాడు. అట్లాంటాలో ఇంజనీరుగా పనిచేస్తూ కూడబెట్టిన సొమ్మును ఈ చిత్రానికి వెచ్చించాడు. సుమారు 17 లక్షల రూపాయల ఖర్చుతో, 17 రోజులలో చిత్రీకరణ ముగిసింది. పేరున్న తారలెవరూ లేరు. అశ్వినిగా రాజశ్రీ నాయర్ నటించింది. ఎలాహె హిప్టూలా, విక్రమ్ ఇనాందార్ ఇతర ముఖ్యపాత్రధారులు.

ప్రభావం

చిత్రం నగరాల ప్రేక్షకుల ఆదరణ పొందింది. తక్కువ ఖర్చుతో, సొంత అనుభవానికి దగ్గరైన కథతో సినిమా తీయవచ్చునని నిరూపించింది. నగేష్ ఉద్యోగం వదలి రాక్‌ఫర్డ్ (1999), ఇక్బాల్ (2005), డోర్ (2006) వంటి చిత్రాలు తీశాడు. హిప్టూలా ఆయన చిత్రాలకు నిర్మాతగా కూడా వ్యవహరించింది. 2004లో వచ్చిన హైదరాబాద్ బ్లూస్ 2 పెళ్ళి తరువాత అదే జంట దాంపత్యంలో తలెత్తిన ఒడిదుడుకులను చూపుతుంది.