మార్కు ఎవరికి వేయాలి?

వార్డులో మీ మంచం చుట్టూ ఒకేసారి ముగ్గురు నలుగురు విద్యార్థులు నిలబడటం, పక్కనే సిస్టరు గారో డాక్టరు గారో కాగితం మీద టిక్కులు పెట్టుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ కాగితంలో ఏముంటుందో చెబుతాం.

వైద్యం, నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదివేవారు ఒకరితో ఒకరు కలిసి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నివేదికలో చెప్పింది. నేర్పడం వరకు బాగానే ఉంది. మార్కులు వేసే దగ్గరే చిక్కు.

యలమంచిలి నుంచి షుగరు జబ్బుతో, కాలిపుండుతో ఒక పెద్దావిడ వచ్చారనుకోండి. కట్టు మారుస్తున్న నర్సింగు అమ్మాయితో, "మాత్తర్లు రోజుకి రెండు ఏసుకోమన్నారు గానమ్మా, నెలాకరు దాకా రావాల గదా అని ఒకటే ఏసుకుంతన్నాను" అంటారు. అమ్మాయి ఆ మాట వైద్య విద్యార్థికి చెబుతుంది. అతను పెద్ద డాక్టరు గారి ముందు దాన్నే చక్కని ఇంగ్లీషులో చెబుతాడు. మెప్పు అతనికి! పుండు ఎందుకు మానడం లేదో కనిపెట్టింది మాత్రం ఆ అమ్మాయి. పోనీ జట్టంతటికీ ఒకే మార్కు వేద్దామంటే, గోడకు ఆనుకుని నిలబడినవారికీ అదే మార్కు పడుతుంది.

స్కాట్లాండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్ గారు, ఆయన తోటివారు 1975లో ఒక పరీక్ష పద్ధతిని ప్రకటించారు. విద్యార్థులందరూ వరుసగా అవే బల్లల దగ్గరకు వెళ్ళి, ఇచ్చిన సమయంలో అదే పని చేసి చూపాలి. ముందుగా రాసుకున్న పట్టిక ప్రకారమే మార్కులు. ముఖం చూసి మార్కులు వేసే అలవాటుకు అది మంచి మందు. అయితే ఒక్కొక్కరినీ విడిగా చూస్తే, ఒకరు విన్న మాట రెండోవారికి చేరిందా లేదా అన్నది తెలియదు.

అందుకే ఎవరి పనికి వారి మార్కు, కలిసి చేసినదానికి వేరే మార్కు ఉండాలి. నర్సింగు పనిని నర్సింగు టీచరే చూడాలి. కలిసి పనిచేసిన తీరును వేర్వేరు వృత్తులవారు ఇద్దరు చూడాలి, దేనికి ఎన్ని మార్కులో ముందే మాట్లాడుకుని. ఒక్కరోజు చూసి తేల్చేయడం కూడా తప్పే. ఆ రోజు రోగికే మాట్లాడే ఓపిక ఉండకపోవచ్చు.

మిమ్మల్నీ అడుగుతాం. "ఎవరు బాగా చేశారు?" అంటే చాలామంది మెడలో స్టెతస్కోపు ఉన్నవారినే చూపిస్తారు. అందుకని "మాత్రలు ఎలా వేసుకోవాలో ఎవరు చెప్పారు? మీరు తిరిగి చెప్పేదాకా ఆగారా?" అని అడుగుతాం. పేరు గుర్తులేకపోతే ఆనవాలు చెప్పినా చాలు. మీరు ఏం చెప్పినా మీ వైద్యంలో తేడా రాదు. విద్యార్థులు వద్దనుకుంటే ఆ మాట కూడా చెప్పవచ్చు.