ఊరి పేరు వ్రాసిన వీసా

మన పల్లెలలో వీసా అనగానే గల్ఫు గుర్తుకు వస్తుంది. ఏజెంటుకు కట్టిన డబ్బు, అందుకోసము చేసిన అప్పు, కువైటుకో దుబాయికో ప్రయాణము. ఆ కాగితము చేతికి వచ్చిందంటే ఆ దేశమంతటా తిరుగవచ్చునని అనుకుంటాము. ఒకదానితో ఒకటి యుద్ధము చేసిన దేశములు ఇచ్చుకొనే వీసా అటువంటిది కాదు. దానిమీద ఊరి పేరు వ్రాసి ఉంటుంది. మన దేశమునకు, పాకిస్తానుకు మధ్య నడిచినది అటువంటి వీసాయే. మన చదువరులలో చాలామందికి దానితో పని పడి ఉండదు. అయినా 2025 ఏప్రిల్‌లో అటారీ గేటు దగ్గర జరిగిన సంగతులు పత్రికలలో చదివినప్పటి నుండి దానిని గూర్చి వ్రాయాలని మాకు ఉన్నది.

1947లో దేశము రెండైనప్పుడు అటు ఇటు పోవుటకు ఏ కాగితమూ లేదు. మరుసటి సంవత్సరము జూలైలో పశ్చిమ పాకిస్తాను నుండి వచ్చేవారికి పర్మిటు పెట్టారు. 1952 అక్టోబరులో పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. అప్పటికే అన్న ఇటు, తమ్ముడు అటు స్థిరపడిన ఇండ్లు లక్షలు. మన హైదరాబాదు నుండి వెళ్ళినవారు కరాచీలో ఒక పేటకు హైదరాబాద్ కాలనీ అనే పేరు పెట్టుకున్నారు. అక్కడ దొరికే ఊరగాయలకు ఆ నగరములో నేటికీ పేరున్నది. పేరు, రుచి వెంట తీసుకొనిపోయారు గాని అక్కను, అమ్మను ఇక్కడే విడిచి వెళ్ళినవారు ఎందరో.

1965లోను, 1971లోను యుద్ధములు వచ్చి రాకపోకలు నిలిచిపోయాయి. తరువాత 1974లో రెండు ప్రభుత్వములు వీసాల విషయమై ఒప్పందము చేసుకున్నాయి. దాని పద్ధతి ఇది. బంధువులను చూడవచ్చేవారు ఏ ఊళ్ళకు వెళ్ళేదీ ముందే చెప్పాలి. ఆ ఊళ్ళ పేర్లే వీసాలో వ్రాస్తారు. ఊరు చేరిన ఇరువది నాలుగు గంటలలో పోలీసు స్టేషనుకు పోయి పేరు వ్రాయించుకోవాలి. తిరిగి వెళ్ళేటప్పుడు కూడ చెప్పి వెళ్ళాలి. మన ఊళ్ళ పేర్లతో చెప్పుకుంటే సంగతి బాగా అర్థమవుతుంది. రాజమండ్రి అని వ్రాసిన వీసాతో అక్క వచ్చింది. కాకినాడలో తమ్ముడు ఆసుపత్రిలో పడ్డాడు. బస్సు ఎక్కితే రెండు గంటల దారి. అయినా ఆమె వెళ్ళరాదు!

ఆ వీసా కోసము తిరుగుట మరొక ప్రయాస. కరాచీలోని మన కాన్సులేటు 1994 డిసెంబరులో మూతపడింది. అటుపైన కరాచీవాసులు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరమున్న ఇస్లామాబాదు కార్యాలయము మీద ఆధారపడవలసి వచ్చింది.

మధ్యలో మంచి రోజులు రాకపోలేదు. 1976లో సంఝౌతా ఎక్స్‌ప్రెస్ నడిచింది. 1999లో ఢిల్లీ-లాహోరు బస్సు మొదలైంది. 2012 సెప్టెంబరులో కొత్త ఒప్పందము చేసి, మూడు ఊళ్ళకు బదులు ఐదు ఊళ్ళకు అనుమతి అన్నారు. అరువది ఐదేండ్లు దాటిన వృద్ధులకు అటారీ గేటు దగ్గరే నలువది ఐదు రోజుల వీసా ఇస్తామన్నారు. ఆ ముసలివారికి అది ఎంత ఊరట! కాని 2013 జనవరి 15న మొదలు పెట్టవలసిన ఆ ఏర్పాటు, కాశ్మీరు హద్దులో మన సైనికులు చంపబడిన కారణముగా ఆ రోజే వాయిదా పడింది. రైలు కూడ 2019 ఆగస్టులో ఆగిపోయింది.

ప్రభుత్వమును తప్పు పట్టుట తేలిక. హద్దు దాటి వచ్చి చంపేవారిని ఎన్నోసార్లు చూచిన దేశము తలుపు వేసుకుంటే ఆశ్చర్యమేమున్నది? అది మేమును ఒప్పుకుంటాము. అయితే తుపాకి పట్టుకొని అడవిదారిన వచ్చేవాడు పోలీసు స్టేషనులో పేరు వ్రాయించుకోడు. పేరు వ్రాయించుకున్న వాడే ముందుగా దొరుకుతాడు.

2025 ఏప్రిల్ 22న పహల్గాములో 26 మందిని చంపారు. మరునాడే అటారీ గేటు మూసివేయబడునని ప్రకటన వచ్చింది. పాకిస్తానీయుల వీసాలు చాలావరకు 27వ తేదీతో, వైద్యమునకు ఇచ్చినవి 29వ తేదీతో చెల్లవన్నారు. పాకిస్తానూ అటువంటి ఆజ్ఞలే ఇచ్చింది. ఆ వారమంతా గేటు దగ్గర కార్లు, పెట్టెలు, ఏడ్పులు. గుండె జబ్బు పిల్లలను వైద్యమునకు తెచ్చుకున్న తండ్రి, చికిత్స పూర్తికాకుండానే వెనుకకు మళ్ళవలసి వచ్చింది.

అన్నిటికంటే చిక్కు పడినవారు అక్కడికి కోడళ్ళుగా వెళ్ళిన మన ఆడపిల్లలు. పెండ్లి అయినంత మాత్రాన పౌరసత్వము మారదు. దానికి సంవత్సరములు పడుతుంది. అంతవరకు ఆమెది మన పాస్‌పోర్టే. పిల్లలకు మాత్రము తండ్రి దేశపు పాస్‌పోర్టు. పుట్టింటికి వచ్చిన ఈ తల్లులలో కొందరు గేటు దగ్గర విన్న మాట ఏమనగా, పిల్లలు దాటవచ్చును, నీవు దాటరాదు. చంకలో బిడ్డ ఉన్న స్త్రీతో ఆ మాట చెప్పవలసి వచ్చిన ఉద్యోగి స్థితి కూడ మాకు జాలిగానే తోచింది. అతడు చూడవలసినవి పాస్‌పోర్టులు. ఆ కుటుంబమునకు రెండు రకముల పాస్‌పోర్టులున్నవి.

వీసా మాటే ఎరుగని మన తెలుగువారు కూడ ఈ హద్దులో చిక్కుకున్నారు. శ్రీకాకుళము, విజయనగరము తీరపు జాలర్లు పని కోసము గుజరాతులోని వేరావలు రేవుకు వలస పోవుట మన చదువరులలో చాలామందికి తెలిసినదే. అక్కడి సముద్రములో కంచె లేదు, రాయి లేదు. సర్ క్రీకు దగ్గర హద్దు ఏదో రెండు దేశములకు నేటికీ ఒప్పందము కుదరలేదు. 2018 నవంబరులో మన జాలర్ల పడవలను పాకిస్తాను గస్తీవారు పట్టుకొని కరాచీ జైలుకు తీసుకొనిపోయారు. కరాచీ నుండి గుజరాతు తీరము పడవకు దూరము కాదు. అయినా విడుదలైనవారు భూమార్గమున పంజాబు దాకా పోయి వాఘా గేటు గుండానే రావాలి. అలాగే 2020 జనవరి 6న 20 మంది తెలుగు జాలర్లు ఆ గేటు దాటి వచ్చారు. పదమూడు నెలలు ఇంటి దగ్గర ఆడవారు అప్పులు తెచ్చుకొని పిల్లలను పోషించారు.

ఇటువంటివారి కొరకు 2008లో చేసుకున్న ఒప్పందము ఒకటి ఉన్నది. ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశములు తమ జైళ్ళలో ఉన్న ఎదుటి దేశపు ఖైదీల, జాలర్ల పేర్లు ఒకరికొకరు ఇచ్చుకోవాలి. పట్టుబడినవానిని మూడు నెలలలోగా అతని దేశపు అధికారి చూడనివ్వాలి. శిక్ష ముగిసి, ఏ దేశస్థుడో రూఢి అయిన నెలలోగా పంపివేయాలి. ఈ గడువులు దాటిపోవుట తరచుగా జరిగినది. అయినా జాబితా మాత్రము ఆగలేదు. 2025 మే నెలలో నాలుగు రోజులు క్షిపణులు, డ్రోనులు ఎగిరాయి. రెండు నెలలైనా నిండకముందే జూలై 1న ఎప్పటివలెనే ఢిల్లీలోను, ఇస్లామాబాదులోను జాబితాలు చేతులు మారాయి. పాకిస్తాను ఇచ్చినదానిలో 193 మంది జాలర్ల పేర్లున్నవి.