మలేరియాపై పోరు - శ్రీలంక అనుభవం

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ జఠరకుడ్యంలో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. దోమల నియంత్రణకు ఆ పరిశోధన శాస్త్రీయ పునాది వేసింది. అయితే నియంత్రణ సాధించడం వేరు, దానిని నిలుపుకోవడం వేరు. ఇందుకు శ్రీలంక అనుభవం నిదర్శనం.

డి.డి.టి. పిచికారీ ఫలితంగా 1963లో ఆ దేశంలో నమోదైన కేసులు 17 మాత్రమే. ఆపై పిచికారీ నిలిచిపోయింది, నిఘా సడలింది. 1969లో కేసులు 5 లక్షలు దాటాయి. అప్పటికి దోమలలో డి.డి.టి.ని తట్టుకునే శక్తి కూడా కనిపించింది. సత్వర రోగనిర్ధారణ, చికిత్స, ప్రతి కేసు మూలాన్వేషణ వంటి దీర్ఘకాలిక కృషితో 2016లో ఆ దేశం మలేరియా రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ప్రపంచవ్యాప్తంగా చూస్తే, ఆ సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియా వల్ల సుమారు 5 లక్షల 97 వేల మంది మరణించారు. వీరిలో 95 శాతం ఆఫ్రికా ప్రాంతంవారు; అక్కడి మృతులలో సుమారు నాలుగింట మూడు వంతులు ఐదేళ్లలోపు పిల్లలు. ఆ సంస్థ 2021, 2023 సంవత్సరాలలో సిఫారసు చేసిన రెండు టీకాలు పిల్లలకు కొంత రక్షణ కల్పిస్తున్నాయి. మరోవైపు దోమతెరలలో వాడే పైరిథ్రాయిడ్ మందులను దోమలు తట్టుకుంటున్నాయి. ఆఫ్రికాలోని కొన్ని దేశాలలో ఆర్టెమిసినిన్ ఔషధానికి పరాన్నజీవి పాక్షికంగా లొంగడం లేదు.

కాబట్టి కేసులు తగ్గినప్పుడు నిధులను, నిఘాను తగ్గించడం ప్రమాదకరం. స్థానిక వ్యాప్తి ఆగిన తరువాత కూడా శ్రీలంక విదేశాల నుండి వచ్చినవారిలో కనిపించే మలేరియా కేసులపై నిఘా కొనసాగిస్తున్నది.