మీకు తెలుసా? టి. నగర్ ఒకప్పుడు చెరువు

పట్టుచీరలకూ బంగారానికీ జనం ఎగబడే చెన్నై టి. నగర్, వందేళ్ల కిందట నీళ్లలో ఉండేది. మైళ్ల పొడవున సాగిన ఆ చెరువును ఇంగ్లీషు దొరలు 'లాంగ్ ట్యాంక్' అనేవారు. పడవ పందేలూ జరిగేవి. గట్టుకు పడమర మాంబళం, వరి పండించుకునే పల్లె.

మద్రాసులో ఇళ్లకు చోటు చాలక 1920లలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం చెరువును పూడ్చి పేట కట్టించింది. 1925లో కన్నుమూసిన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు దానికి పెట్టారు. ఆయన తెలుగువాడు. 1920 ఎన్నికల్లో గెలిచి కూడా ప్రధానమంత్రి పదవి వద్దన్నారు (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు). నడిబొడ్డున ఉన్న పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా అసలు పేరు పానగంటి రామరాయణింగారు, కాళహస్తివారు. జి.ఎన్. చెట్టి రోడ్డు పేరులోని గోపతి నారాయణస్వామి చెట్టీ మనవాడే.

చెరువు పోయినా పశ్చిమ మాంబళంలో 'లేక్ వ్యూ రోడ్డు' మాత్రం మిగిలింది. అక్కడ నిలబడితే కనిపించేవి మేడలూ, స్కూటర్లూ! గట్టి వాన పడితే మాత్రం వీధుల్లో మోకాలిలోతు నీళ్లు. పల్లపు నేల కదా, ఎక్కడికి పోతాయి?