తెరపై తెలుగక్షరము

“స్త్రీ” అను మాటను కంప్యూటరులో టైపు చేసి, దాని చివర నిలిచి బ్యాక్‌స్పేస్ మీటను నొక్కినచో అది ఒక్కసారిగా మాయము కాదు. మొదట గుడిదీర్ఘము పోయి “స్త్ర” మిగులును, పిమ్మట రకారము పోయి “స్త్” అని పొల్లుతో నిలుచును, తరువాత “స్త”, “స్”, “స” అని క్రమముగా తరిగి, ఆరవ నొక్కునకు గాని తెర శూన్యము కాదు. మన కంటికి ఒక్క యక్షరముగా దోచునది యంత్రమునకు ఆరు సంకేతములగుటయే దీనికి హేతువు.

1991లో వెలువడిన, అక్షరసంకేతముల ప్రమాణమైన యూనికోడ్ తొలి కూర్పునందే తెలుగునకు 128 స్థానముల విభాగమొకటి ఏర్పడెను. అందు కకారమునకు, గుడికి, పొల్లునకు వేర్వేరు స్థానములు గలవు గాని వత్తులకు ప్రత్యేక స్థానము లేదు. రెండు హల్లుల నడుమ పొల్లు వచ్చినప్పుడు రెండవదానిని వత్తుగా దించి చూపుట ఫాంటును, దానిని నడపు సాఫ్ట్‌వేరును కలిసి నిర్వహింపవలసిన కార్యము. ఈ యేర్పాటు వలన “స్త్రి” అని హ్రస్వముగా పడినప్పుడు మాట నంతయు చెరుపక గుడిని మాత్రము దిద్దుకొనవచ్చును గనుక, బ్యాక్‌స్పేస్ నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. డిలీట్ మీట యట్లు కాదు: పెక్కు ప్రోగ్రాములలో అది అక్షరమును వత్తులతో, గుణింతముతో సహా ఒక్క పెట్టున తుడిచివేయును; దిద్దుబాటు పనిలో నున్నవారికి ఇంతకంటె విసుగు కలిగించునది అరుదు.

సంకేతములను అక్షరముగా కూర్చి చూపు ఈ పని యెంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసినది. “జ్ఞా” అను నక్షరమున ఞకారమునకును దీర్ఘమునకును నడుమ కంటికి కానరాని సంకేతమొకటి చేరినచో, దానిని తెరపై చూపబోయిన ఐఫోను యాప్‌లు కుప్పకూలెను. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 కూర్పును విడుదల చేసి లోపమును సవరించెను. దీనిని మన లిపి జటిలతకు ఆరోపించుట న్యాయము కాదు. లిపి నియమములు స్పష్టముగానే యున్నవి, వానిని పాటించి చూపవలసిన ప్రోగ్రామునందే దోషమున్నది.

ఇంతకంటె దీర్ఘకాలముగా మనలను వేధించుచున్నది డీటీపీ కేంద్రముల పాత ఫాంట్ల వ్యవహారము. ఆ ఫాంట్లలో తలకట్లు, కొమ్ములు, వత్తులు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో ముక్కలుగా అమర్పబడి యుండును. ఆకారమే గాని అక్షరము ఆ ఫైలులో లేదు. కావున ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో పుస్తకమంతయు అర్థరహితమైన ఇంగ్లీషు అక్షరముల వరుసగా కనబడును. తెలుగులో వెదకిన ఒక్క పదమైనను దొరకదు. చూపు లేనివారికి పాఠమును చదివి వినిపించు సాఫ్ట్‌వేరు సైతము దానియెదుట నిస్సహాయమగును.

టైపు చేయుటకు మాత్రము నేడు కొదువ లేదు. ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరిక నేర్చినవారికి హల్లులు చాలవరకు కుడిచేతికిని, అచ్చులు, గుణింతములు ఎడమచేతికిని అమరును. ఇంగ్లీషు మీటలకే అలవాటుపడినవారికి, చిన్న టీ నొక్కిన తకారమును, పెద్ద టీ నొక్కిన టకారమును ఇచ్చు లేఖిని వంటి ఉపకరణములు గలవు. కొత్తగా వ్రాయువారి కష్టము ఇట్లు చాలవరకు తీరినది. పాత ఫైళ్ల సంగతి వేరు. వానిని యూనికోడునకు మార్చు ఉపకరణములున్నను, మార్పునందు వత్తులు స్థానము తప్పుట కద్దు గనుక, మూలప్రతిని ప్రక్కన నుంచుకొని పంక్తి పంక్తియు సరిచూడక తప్పదు. ఆ పనికి తెలుగు బాగుగా నెరిగిన ప్రూఫు రీడరు కావలెను, ప్రచురణకర్తలు అతనికి తగిన వేతనమీయవలెను.